మెదడులో తేనెపిట్ట

తెల్లవారుజాము నాలుగున్నర. బాగేపల్లి బస్టాండు మీద మంచు కమ్ముకుని ఉంది. టీ అంగడాయన అప్పుడే పొయ్యి వెలిగించి పాలు పెట్టాడు. మా పెద్దనాయన తలకు మఫ్లరు చుట్టుకుని, శాలువా కప్పుకుని నిలబడి ఉన్నాడు. కుడి చెయ్యి నేను పట్టుకున్నాను, ఎడమ చెయ్యి పెద్దమ్మ పట్టుకుంది. ఇద్దరం ఒక్కసారిగా వదిలితే ఆయన వెనక్కి పడిపోతాడు. కాళ్ళు తడబడి కూలబడటం కాదు, నరికిన టెంకాయ చెట్టులా నిలువునా పడతాడు. పడేటప్పుడు చెయ్యి కూడా అడ్డం రాదు. తల వెనక మూడు చోట్ల కుట్ల మచ్చలున్నాయి.

బెంగళూరు బస్సు వచ్చి ఆగింది.

"మెట్టు చూసి ఎక్కు పెద్దనాయనా."

"చూస్తానే ఉండానురా."

చూడటం లేదు. ఆయన చూపు ఎదురుగా, బస్సు లోపలి దీపం మీద నిలిచిపోయింది. రెప్ప వాలదు. కాలు మాత్రం మెట్టు కోసం గాలిలో వెతుకుతోంది. నేను వంగి, ఆయన పాదం చేత్తో పట్టుకుని మెట్టు మీద పెట్టాను.

పెద్దమ్మ ఒళ్ళో సంచీ. అందులో మూడేళ్ళ చీటీలు, మాత్రల అట్టలు, రెండు జతల కళ్ళద్దాలు, అడుగున ఇడ్లీ డబ్బా. మా ఇంటి మూడేళ్ళ కథంతా ఆ సంచీలోనే ఉంది. మొదట శెనక్కాయ చేలో గట్టు దిగుతూ పడ్డాడు. వయసు అన్నారు. తర్వాత కంచంలో అన్నం కిందా మీదా పోసుకోవడం మొదలైంది. చూపు తగ్గిందని కళ్ళద్దాలు మార్పించాం. మళ్ళీ మార్పించాం. శుక్లాల ఆపరేషన్ కూడా అయింది. అయినా మెట్టు కనపడదు, కంచం కనపడదు. ఒక చోట నరాల బలహీనత అని సూదులు వేశారు. ఇంకో చోట పార్కిన్సన్ అన్నారు. మాత్రలు మూడు నుంచి ఆరుకు పెరిగాయి, నడక మాత్రం మారలేదు. చివరికి ఎవరో చెప్పారు, తలలో తీగ పెట్టి కరెంటు ఇచ్చే ఆపరేషన్ ఉందట, లక్షలవుతుందట అని. చెరువు కింది రెండెకరాలకు బేరం పెట్టాం.

హైవే మీద బస్సు పరుగెడుతోంది. పెరేసంద్ర దాటింది. చిక్కబళ్ళాపురం దగ్గర ఇంకా చీకటే. మార్కెట్టుకు పోయే పూల మూటలు రోడ్డు పక్కన దొంతరగా పేర్చి ఉన్నాయి. బస్సు తలుపు తీయగానే చల్లగాలితో పాటు చేమంతి వాసన లోపలికి వచ్చింది. భార్యాభర్తలిద్దరు ఎక్కి మా ముందు సీట్లో కూర్చున్నారు. ఆయనది పూల తోట అని మాటల్లో తెలిసింది. కుడివైపు నంది కొండ మెల్లగా చీకటిలోంచి బయటపడుతోంది.

మెజెస్టిక్‌లో దిగేటప్పుడు ఆ పూలతోటాయన లేచి నిలబడ్డాడు. రెండు క్షణాల్లో ముఖం పాలిపోయింది. కడ్డీ పట్టుకుని మళ్ళీ కూర్చున్నాడు. "లేస్తే ఇట్లనే అయితాదప్పా," అంది ఆయన భార్య. "కూర్చుంటే బాగుంటాడు. లేస్తే కళ్ళు చీకట్లు." ఆయన అడుగులు కూడా చిన్నవే. ఆయన చీటీలోనూ పార్కిన్సన్ అనే రాసుంది. వాళ్ళూ మేమూ పోయేది ఒకే చోటికి.

హోసూరు రోడ్డులో నిమ్హాన్స్. 1974లో పాత మానసిక ఆసుపత్రిని, పక్కనున్న అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థను కలిపి ఏర్పాటు చేసిన సంస్థ ఇది. మా వైపు ఈ పేరు చెబితే ఇప్పటికీ చాలామంది "పిచ్చాసుపత్రి" అని గొంతు తగ్గిస్తారు. లోపలికి వచ్చి చూడండి. మూర్ఛలు, పక్షవాతాలు, తలలో గడ్డలు, వణుకు రోగాలు. బెంచీల మీద కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూ, బెంగాలీ.

మా బెంచీలో ముందే ఒకాయన కూర్చుని ఉన్నాడు. చింతామణి మనిషి. కైవారం తాతయ్య తత్త్వాలు పాడే భజన బృందంలో ఉండేవాడట. "ఇప్పుడు గొంతు పైకి రాదు," అన్నాడు, అదీ గుసగుసలా. ఆయన కుడి చెయ్యి తొడ మీద ఆనించి ఉంది. బొటనవేలు, చూపుడువేలు ఒకదాని మీద ఒకటి దొర్లుతున్నాయి, దీపానికి వత్తి పేనుతున్నట్టు. ఆయన ఆపాలని చూస్తే ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలవుతోంది. నీళ్ళ సీసా అందుకోవడానికి చెయ్యి చాచాడు. చాచినంతసేపు వణుకు లేదు.

ముగ్గురు మనుషులు, మూడు ఊళ్ళు. ముగ్గురి నడకా నెమ్మదే, ముగ్గురి ముఖంలోనూ నవ్వు తగ్గింది, ముగ్గురి చీటీల్లోనూ ఒకటే పేరు. ఒకే జబ్బు అనే నేనూ అనుకున్నాను.

లోపల డాక్టరమ్మ మొదట సంచీ అడిగింది. మాత్రల అట్టలు ఒక్కొక్కటీ తిరగేసి పేర్లు చదివింది. "తల తిరుగుతుందని సినారిజిన్, ఫ్లూనారిజిన్ లాంటివి నెలల తరబడి వాడారా? వాంతుల మాత్రలు? నిద్రకనీ మనసుకనీ ఏమన్నా?" కొన్ని మాత్రలే పార్కిన్సన్ లాంటి బిగుసుదనాన్ని తెచ్చిపెడతాయట. చాలామందిలో అవి ఆపితే నెలల్లో తగ్గిపోతుందట. పెద్దనాయన సంచీలో అవి లేవు.

"తాతా, బొటనవేలు, చూపుడువేలు ఇట్లా కొట్టండి. పెద్దగా తెరిచి, వేగంగా."

ఇది అనపకాయల కాలం. ఇంట్లో పెద్దమ్మ రాత్రి నానేసిన గింజను సరిగ్గా ఆ రెండు వేళ్ళ మధ్యే పట్టి పితుకుతుంది. పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది, తొక్క వేళ్ళ మధ్య మిగులుతుంది. గంటసేపు పితికినా ఆమె వేళ్ళు ఒకే తాళంలో ఆడతాయి. పెద్దనాయన వేళ్ళు మొదటినుంచే కొంచెంగా తెరుచుకుంటున్నాయి. రెండు చేతులూ అంతే. చింతామణాయనకైతే ఎడమ చెయ్యి బాగా ఆడిందనీ, కుడి చెయ్యి మాత్రం పెద్దగా మొదలై పోనుపోను చిన్నదైపోయిందనీ తర్వాత తెలిసింది. పార్కిన్సన్ మామూలుగా ఒక పక్క మొదలవుతుంది. ఈ తేడా దగ్గరే దారులు చీలుతున్నాయి.

తర్వాత కళ్ళు. డాక్టరమ్మ వేలు పైకెత్తింది. పెద్దనాయన చూపు కొంచెం లేచింది. వేలు కిందికి దించింది. చూపు దిగలేదు. "కిందికి చూడండి తాతా." నొసలు ముడిపడ్డాయి, మెడ బిగుసుకుంది, కనుగుడ్లు మాత్రం కదల్లేదు. అప్పుడామె లేచి వచ్చి ఆయన తలను రెండు చేతుల్లోకి తీసుకుంది. "నా ముక్కు మీదనే చూపు పెట్టండి," అని తలను మెల్లగా వెనక్కి వంచింది.

కనుగుడ్లు కిందికి దిగాయి.

మూడేళ్ళుగా దిగని చూపు అది. పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"కన్ను బాగుంది, కంటి కండరం బాగుంది," అంది డాక్టరమ్మ. "తల వంచితే కళ్ళు వాటంతటవే దిగుతాయి. కిందికి చూడు అని మనసు చెప్పిన మాటే వాటికి చేరడం లేదు. ఆ మాటను అందించే చోటు మధ్య మెదడులో ఉంటుంది. అక్కడ ఏం జరుగుతోందో చూడాలి." కళ్ళద్దాలు మార్చడం, శుక్లాల ఆపరేషన్, అవన్నీ నాకు గుర్తొచ్చాయి. మేం కంటిని బాగుచేయిస్తూ వచ్చాం. చెడింది కన్ను కాదు.

ఎమ్మారైకి తేదీ రాసిచ్చారు. మాతో బెంచీలో కూర్చున్న ఇద్దరికీ అదే రోజు వచ్చింది.

మళ్ళీ అదే బస్సు, అదే మంచు. స్కాన్ గది బయట ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదన్నారు. ఉంగరం తీశాం, తాయెత్తు తీశాం. నడుముకున్న వెండి మొలతాడు దగ్గర పెద్దనాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "పెండ్లినాటి నుంచి తీయలేదురా." పెద్దమ్మ దాన్ని విప్పి, కళ్ళకద్దుకుని, తన కొంగుకు ముడేసుకుంది.

యంత్రం పెద్ద తూము లాంటిది. 3 టెస్లాల అయస్కాంతమైతే భూమి అయస్కాంత శక్తికి 50 వేల రెట్ల పైమాటే. చెవులకు అడ్డం పెట్టి, చేతిలో రబ్బరు బుడ్డి ఇచ్చి, ఇబ్బందిగా ఉంటే నొక్కమన్నారు. బల్ల లోపలికి జరిగింది. మొదట టకటక, తర్వాత ఒకటే మోత. మధ్యలో కాసేపు ఆగినప్పుడు లోపల్నుంచి పెద్దనాయన గొంతు వినపడింది.

"ఎవుర్రా బోరు వేస్తాండేది?"

నవ్వు రాలేదు నాకు, ఆ మాట మనసులో నిలిచిపోయింది. మా సీమలో వెయ్యి అడుగులు దాటి బోరు వేసినా నీళ్ళు పడతాయన్న నమ్మకం లేదు. బోరు లారీ మోత విన్న పొలమంతా ఊపిరి బిగబట్టి చూస్తుంది. ఈ యంత్రమూ వెతికేది నీటినే. మెదడులో ఎక్కువ భాగం నీరు. ఆ నీటిలోని హైడ్రోజన్‌ను అయస్కాంతం ఒక వరుసకు తెస్తుంది. రేడియో తరంగం ఆ వరుసను కదిలిస్తుంది. తిరిగి సర్దుకునేటప్పుడు అది ఇచ్చే సంకేతాన్ని యంత్రం పట్టుకుని బొమ్మ గీస్తుంది. ఎక్కడ కణజాలం నిండుగా ఉందో, ఎక్కడ ఎండిపోయి సన్నబడిందో ఆ బొమ్మ చెబుతుంది.

మధ్యాహ్నం డాక్టరమ్మ తెర మీద ఆ బొమ్మ చూపించింది. తలను ముక్కు మీదుగా నిలువునా రెండు చేసి పక్కనుంచి చూస్తే కనిపించే బొమ్మ. మధ్యలో ఒక గుండ్రటి ఉబ్బు. దాని పేరు పాన్స్, లాటిన్‌లో వంతెన అని అర్థం. దాని మీద కూర్చున్నట్టుండేది మధ్య మెదడు.

"ఇది మామూలు మనిషిది," అని ఒక బొమ్మ పక్కన పెట్టింది. అందులో మధ్య మెదడు పైభాగం ఉబ్బెత్తుగా ఉంది. "ఇది తాతది."

పెద్దనాయన మధ్య మెదడు పైభాగం లోపలికి కుంగిపోయింది, ముందుకొచ్చిన కొస సన్నగా సాగిపోయింది. పాన్స్ పొట్ట, కుంగిన మధ్య మెదడు తల, సాగిన కొస ముక్కు. పక్షి! మా పెరట్లో మందారపువ్వు మీద వాలి తేనె పీల్చే తేనెపిట్టలా ఉంది. ప్రపంచమంతా డాక్టర్లు దీన్ని హమ్మింగ్‌బర్డ్ గుర్తు అంటారట. ఆ పిట్ట మన దేశంలో లేదు, మనకు తేనెపిట్టే. మధ్య మెదడు వైశాల్యం ఆరోగ్యవంతుల్లో మామూలుగా 100 చదరపు మిల్లీమీటర్లు దాటుతుంది. 70 కంటే తగ్గితే అనుమానించాల్సిందేనట. వేలిగోరంత చోటు. అందులో కాస్త తగ్గినందుకు ఒక రైతు తన కాలికింది నేలను చూడలేకపోతున్నాడు.

"దీన్ని ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీ అంటారు. పీఎస్పీ. పార్కిన్సన్ కాదు."

పార్కిన్సన్ జబ్బును లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లోనే వర్ణించాడు. పీఎస్పీ వేరే జబ్బని తేల్చి చెప్పడానికి 1964 దాకా పట్టింది. కెనడాలోని టొరంటోలో స్టీల్, రిచర్డ్‌సన్, ఓల్షెవ్‌స్కీ అనే ముగ్గురు, రోగులను బతికుండగా చూసి, పోయాక వాళ్ళ మెదళ్ళను సూక్ష్మదర్శిని కింద చూసి చెప్పారు. పార్కిన్సన్‌లో మెదడు కణాల్లో పేరుకునేది ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రోటీన్, పీఎస్పీలో టౌ అనే ప్రోటీన్. నూటికి నూరుపాళ్ళ రుజువు ఇప్పటికీ ఆ సూక్ష్మదర్శినే. అందుకే నిమ్హాన్స్ ఆవరణలోనే 1995 నుంచి మెదడు బ్యాంకు నడుస్తోంది. పోయినవారి మెదడును ఇంటివాళ్ళు దానం చేస్తే, అది బతికున్నవారి జబ్బులకు దారి చూపిస్తుంది.

పూలతోటాయన బొమ్మ వేరు. పాన్స్‌ను అడ్డంగా కోసి చూస్తే, దాని మధ్యలో తెల్లటి కూడిక గుర్తు. బేకరీలో బన్నును నాలుగు పాయలుగా గాటు పెట్టినట్టుంది. మల్టిపుల్ సిస్టమ్ అట్రఫీ అనే జబ్బులో కనిపించే గుర్తుల్లో ఇదొకటి. పడుకోబెట్టి, తర్వాత నిలబెట్టి బీపీ చూశారు. లేచిన మూడు నిమిషాల్లో పై అంకె 20 తగ్గితే లెక్కలోకి వస్తుంది. ఆయనకు అంతకు మించి పడిపోయింది. పడుకున్నప్పుడు చూసి బీపీ ఎక్కువుందని ఎవరో మాత్ర ఇచ్చారట. నిలబడితే పడిపోయే మనిషికి ఆ మాత్ర ఇంకొంచెం కిందికి తోస్తుంది.

చింతామణాయన మామూలు ఎమ్మారైలో ఏమీ లేదు. "అంతా బాగుంది" అని కాగితం. ఇక్కడే చాలామంది మోసపోతారు. పార్కిన్సన్ మొదట్లో మామూలు ఎమ్మారై బాగానే ఉంటుంది. అందుకే ప్రత్యేకమైన పద్ధతిలో తీసిన బొమ్మ చూస్తారు. ఆరోగ్యవంతుల మధ్య మెదడులో ఒక చిన్న చోట రెండుగా చీలిన తోక కనిపిస్తుంది, బర్రె వీపు మీద వాలే పసులపోలిగాడి తోకలాగా. పార్కిన్సన్‌లో ఆ తోక మాయమవుతుంది. ఇంకా తేలకపోతే డోపమైన్ స్కాన్ ఉంది. సూదిమందు ఎక్కించి తీస్తారు. డోపమైన్ నరాలు నిండుగా ఉంటే మెదడు లోతున రెండు కామాలు వెలుగుతాయి. నరాలు తగ్గితే కామా తోక ఆరిపోయి చుక్క మిగులుతుంది. వట్టి చేతివణుకా, మాత్రల వల్ల వచ్చిన బిగుసుదనమా, నిజమైన పార్కిన్సనా అన్నది ఇది తేలుస్తుంది. కానీ పార్కిన్సన్, పీఎస్పీ, మల్టిపుల్ సిస్టమ్ అట్రఫీ, ఈ మూడింటిలోనూ కామా ఆరుతుంది. ఆ మూడింటినీ విడదీయాలంటే ఎమ్మారై కావాలి, డాక్టరు కన్ను కావాలి.

"బొమ్మ ఒక్కటే చెప్పదు," అంది డాక్టరమ్మ. "పీఎస్పీ మొదట్లో ఈ పిట్ట కనపడకపోవచ్చు. చూపు దిగకపోవడం, మొదటి ఏళ్ళలోనే వెనక్కి పడటం, మాత్రకు లొంగకపోవడం, వీటితో కలిపి చదవాలి." పిట్ట కంటికి కనపడక ముందే పట్టుకోవడానికి దారులు వెతుకుతున్నారు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ వైయాంకూర్ బృందం మెదడు కణాల మధ్య స్వేచ్ఛగా తిరిగే నీటిని ఎమ్మారైతో కొలిచి, ఆ కొలతలను కంప్యూటరు చేత చదివించి ఈ మూడు జబ్బులనూ విడదీసింది. 21 కేంద్రాల్లో 249 మంది రోగుల మీద చేసిన ఆ పరిశోధన 2025లో వచ్చింది. ఇక్కడా నీరే సాక్షి.

మాకు పక్కనే ఉన్న శ్రీనివాసపురంలో ఇంకో పని సాగుతోంది. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ అక్కడి పల్లెల్లో 45 ఏళ్ళు దాటిన పది వేల మందిని ఏళ్ళ తరబడి గమనించాలని పూనుకుంది. మతిమరుపు రోగం కోసం మొదలైన పని అది. అందులో కొందరికి మెదడు స్కాన్‌లు కూడా తీస్తున్నారు. రాగులు పండించి, మామిడి తోటలు కాసే మా మనుషుల మెదళ్ళు వయసుతో పాటు ఎలా మారతాయో తెలియాలంటే మా మనుషుల బొమ్మలే కావాలి.

పేరు తెలిసి ఏం లాభం, మందు లేనప్పుడు? ఈ ప్రశ్న నేనే అడిగాను. డాక్టరమ్మ దాచలేదు. పీఎస్పీని ఆపే మందు ఇంకా లేదు. తర్వాత నాలుగు మాటలు చెప్పింది.

తలలో తీగ పెట్టే ఆపరేషన్ సరైన పార్కిన్సన్ రోగికి మేలు చేస్తుంది. పీఎస్పీకి పనికిరాదు. చెరువు కింది రెండెకరాలు ఆ ఒక్క మాటతో నిలబడ్డాయి. పని చేయని మాత్రలు మెల్లగా తగ్గిస్తామంది. కంచం నేల మీద పెట్టొద్దు, ఎత్తు బల్ల మీద, కళ్ళకెదురుగా పెట్టమంది. చివరిది ముద్ద.

మా వైపు రాగిముద్దను నమలం. సారులో అద్ది మింగేస్తాం. పిల్లలకు అన్నప్రాశన అయినప్పటి నుంచి నేర్పే విద్య అది. ఆర్నెల్లుగా ముద్ద తింటుంటే పెద్దనాయనకు పొరబోతోంది, దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు తిరుగుతున్నాయి. తొందర తొందరగా తింటాడని పెద్దమ్మ కసురుకునేది. మింగించే కండరాలకూ ఆజ్ఞ సరిగా అందడం లేదని, ఆ మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా అవుతుందని, ఈ జబ్బులో ప్రాణం తీసేది ఎక్కువగా అదేనని ఆ రోజే తెలిసింది. "ముద్ద వద్దు. చిక్కగా జావ కాచండి. గడ్డం ఛాతీ వైపు వంచి, చెంచాతో కొంచెం కొంచెంగా మింగించండి. నీళ్ళు గటగట తాగనీయొద్దు."

చింతామణాయనకు మాత్రల మోతాదు సరిచేశారు. రెండు నెలల తర్వాత భజనలో కూర్చున్నానని ఫోన్ చేశాడు. గొంతు కొంచెం లేచింది. పూలతోటాయన బీపీ మాత్ర మాన్పించారు. లేచే ముందు మంచం అంచున కాసేపు కూర్చుని, ఆగి లేస్తున్నాడు. మా పెద్దనాయన రోజుకు రెండు పూటలా రాగిజావ తాగుతున్నాడు. పొరబోవడం బాగా తగ్గింది. నడవడానికి చక్రాల చట్రం కొన్నాం. మొలతాడు మళ్ళీ నడుముకు చేరింది.

2022లో నిమ్హాన్స్ తోడ్పాటుతో మొదలైన కర్ణాటక బ్రెయిన్ హెల్త్ ఇనిషియేటివ్‌ను మొదట నడిపి చూసిన జిల్లాల్లో మా చిక్కబళ్ళాపురం ఒకటి. అంటే మెదడు జబ్బుకు తొక్కాల్సిన మొదటి గడప మనకు దగ్గర్లోనే ఉంది. మీ ఇంట్లో పెద్దలు మాటిమాటికీ వెనక్కి పడుతున్నా, కంచంలోకి చూడలేకపోతున్నా, లేవగానే కళ్ళు తిరిగి కూలబడుతున్నా, ఒక చెయ్యి ఊరికే వత్తి పేనుతున్నా వయసని వదిలేయకండి. వాడుతున్న మాత్రలన్నీ సంచీలో వేసుకుని పొండి. ఎప్పుడు, ఎటువైపు పడ్డారో కాగితం మీద రాసుకుని పొండి. మాత్ర పని చేయకపోతే మోతాదు పెంచడానికి ముందు, ఇది నిజంగా ఆ జబ్బేనా అని ఒక్కసారి అడగండి. మేం ఆ మాట అడగడానికి మూడేళ్ళు పట్టింది.